కమాండ్ పంపిన ప్రతిసారీ స్టెప్పర్ ఆగిపోతోంది: కండెలు చుట్టే మిషన్ (ఆర్డుయినో ఊనో, ఎల్298ఎన్, ఏ4988)

#1 గుంటమగ్గం

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. నాన్న మగ్గం నేస్తారు, అమ్మ రాట్నం మీద కండెలు (మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే దారపు చుట్టలు) చుడుతుంది. అమ్మకి భుజం నొప్పి బాగా ఎక్కువైంది. అందుకని కండెలు చుట్టే చిన్న మిషన్ ఒకటి తయారు చేస్తున్నాను. ముప్పాతిక వంతు పని అయింది కానీ ఒక చోట ఇరుక్కుపోయాను.

ఉన్న సరుకు ఇదీ: కండె తిప్పడానికి 12 వోల్టుల గేర్ మోటారు (300 ఆర్‌పీఎం), దానికి ఎల్298ఎన్ మాడ్యూల్ (మోటారుకి కరెంటు అందించే డ్రైవరు). దారాన్ని కండె మీద అటూ ఇటూ జరిపే గైడుకి నెమా 17 స్టెప్పర్ (ఒక్కో పల్సుకి ఒక్కో అడుగు తిరిగే మోటారు), ఏ4988 డ్రైవరు, ఒక చుట్టుకి 8 మి.మీ. జరిగే స్క్రూ రాడ్డు. మైక్రోస్టెప్పింగ్ 1/16, అంటే ఒక్కో అడుగునీ పదహారు ముక్కలు చేయడం. బోర్డు ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి పెట్టుకునే చిన్న కంట్రోలర్), సీహెచ్340 యూఎస్‌బీ చిప్పు ఉన్న క్లోన్. స్టెప్పర్‌కి యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ వాడుతున్నాను.

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. అందులోంచి పైథాన్‌తో 9600 స్పీడు (సెకనుకి 9600 బిట్లు) మీద కమాండ్లు పంపుతున్నాను. ఎస్150 అంటే కండె మోటారు పీడబ్ల్యూఎం (పల్సులతో వేగం మార్చే పద్ధతి) 150. జి1000 అంటే గైడు సెకనుకి 1000 స్టెప్పులు. ఎక్స్ అంటే రెండూ ఆగాలి.

సమస్య ఏంటంటే, నడుస్తుండగా ఏ కమాండ్ పంపినా గైడు ఠక్కున ఆగి, కాసేపటికి మళ్ళీ కదులుతుంది. ఈలోగా కండె మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దాంతో దారం ఒకే చోట పోగుపడి గడ్డ కడుతోంది. నేసేటప్పుడు నాడెలోంచి దారం ఆ గడ్డ దగ్గర పట్టేసి తెగుతుంది, కాబట్టి ఇది చిన్న విషయం అనుకోవడానికి లేదు.

ఇంకో రెండు కూడా ఉన్నాయి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కోసారి పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. మొన్న యూఎస్‌బీ కేబుల్ లూజై ఊడిపోతే కండె ఆగకుండా అలాగే తిరుగుతూ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

#2 నల్లతెర

మంచి పని చేస్తున్నారు. కోడ్ మొత్తం అక్కర్లేదు, మూడు విషయాలు చెప్పండి చాలు.

ఊనోలో కమాండ్ చదవడానికి ఏ ఫంక్షన్ వాడారు? పైథాన్ నుంచి పంపేటప్పుడు లైను చివర ఎంటర్, అంటే న్యూలైన్ అక్షరం పంపుతున్నారా? ఆ గడ్డని జాగ్రత్తగా విప్పి, అందులో ఎన్ని చుట్లు పడ్డాయో లెక్కపెట్టగలరా?

#3 గుంటమగ్గం

సీరియల్ డాట్ రీడ్‌స్ట్రింగ్ వాడాను. పైథాన్‌లో ఎస్150 అని రైట్ చేస్తున్నాను అంతే, ఎంటర్ ఏమీ పంపట్లేదు. మోటారు ఫుల్ స్పీడులో ఉండగా పడిన గడ్డ విప్పి చూశాను. సుమారు ఐదు చుట్లు ఉన్నాయి.

#4 నల్లతెర

గుంటమగ్గం గారూ, ఆ ఐదు చుట్లలోనే జవాబు ఉంది.

300 ఆర్‌పీఎం అంటే సెకనుకి 5 చుట్లు. గడ్డలో 5 చుట్లు పడ్డాయంటే గైడు ఆగింది ఒక్క సెకను. రీడ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌కి డీఫాల్ట్ టైమ్‌అవుట్ సరిగ్గా 1000 మిల్లీసెకన్లు. మీరు పంపింది ఎక్కడ ముగిసిందో దానికి తెలిసే దారి లేదు. అందుకని చివరి అక్షరం వచ్చాక కూడా, ఇంకేమైనా వస్తుందేమో అని ఒక సెకను ఎదురుచూసి, ఆ తర్వాతే మీ చేతికి స్ట్రింగ్ ఇస్తుంది. ఆ సెకనంతా మీ లూప్ (ప్రోగ్రామ్‌లో మళ్ళీ మళ్ళీ తిరిగే భాగం) అక్కడే నిలబడి ఉంటుంది.

మరి కండె ఎందుకు ఆగలేదంటారా? అనలాగ్‌రైట్ ఫంక్షన్‌తో వేగం ఒకసారి పెట్టాక పీడబ్ల్యూఎం పల్సుల్ని చిప్పులోని టైమర్ హార్డ్‌వేర్ తనంతట తానే ఇస్తూ పోతుంది. దానికి మీ ప్రోగ్రామ్‌తో పని లేదు. స్టెప్పర్ అలా కాదు. యాక్సెల్‌స్టెప్పర్‌లో రన్ గానీ రన్‌స్పీడ్ గానీ పిలిచిన ప్రతిసారీ, టైమ్ అయి ఉంటేనే ఒక్క స్టెప్పు వేస్తుంది. మీరు పిలవకపోతే అడుగు కదలదు.

మీ లెక్కే చూద్దాం. 200 స్టెప్పుల మోటారు, 1/16 మైక్రోస్టెప్పింగ్, అంటే ఒక చుట్టుకి 3200 పల్సులు. స్క్రూ చుట్టుకి 8 మి.మీ. కాబట్టి మిల్లీమీటరుకి 400. జి1000 అంటే గైడు సెకనుకి రెండున్నర మిల్లీమీటర్లు, కండె చుట్టుకి అర మిల్లీమీటరు జరుగుతోంది. సెకనుకి 1000 స్టెప్పులంటే మిల్లీసెకనుకి ఒకటి. అంటే మీ లూప్‌లో ఏ పనీ మిల్లీసెకను కంటే ఎక్కువసేపు పట్టకూడదు. 16 మెగాహెర్ట్జ్ ఊనో మీద ఈ లైబ్రరీ సెకనుకి 4000 స్టెప్పుల దాకా లాగగలదు, కాబట్టి మీ వేగానికి బోర్డు సరిపోతుంది. ఎదురుచూడటం ఒక్కటి మానిపిస్తే చాలు.

ఇందులో గడ్డ కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీ ఎక్స్ కమాండ్ కూడా ఇదే దారిలో వస్తోంది. అంటే మీరు ఆపమన్నాక కండె ఇంకో ఐదు చుట్లు తిరిగాకే ఆగుతోంది. వేలు దారంలో ఇరుక్కుంటే ఆ ఒక్క సెకను చాలా పెద్దది.

#5 ఫైనల్‌ఇయర్_ఈసీఈ

మా ప్రాజెక్టులో కూడా ఇదే జరిగింది అన్నా. మేం సెట్‌టైమ్‌అవుట్‌తో 10 మిల్లీసెకన్లు పెట్టాం, బాగానే నడిచింది. అది చాలదా?

#6 త్రీడీముద్ర

చాలదు తమ్ముడూ. 10 మిల్లీసెకన్లు అంటే ఇక్కడ పది స్టెప్పులు పోయినట్టే. సెకనుకి 1000 దగ్గర తిరిగే స్టెప్పర్‌ని ఒక్కసారిగా ఆపి మళ్ళీ అదే వేగంతో లాగితే కుదుపు వస్తుంది, బరువు ఎక్కువుంటే స్టెప్పులు తప్పుతుంది. 9600 స్పీడులో ఒక్క అక్షరం రావడానికే మిల్లీసెకను పైన పడుతుంది (8 బిట్లు, స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు). టైమ్‌అవుట్ మరీ తగ్గిస్తే, ల్యాప్‌టాప్ మధ్యలో కాస్త తడబడినప్పుడు ఎస్150 రెండు ముక్కలై ఎస్1 ఒకసారి, 50 ఒకసారి వస్తుంది. ఎస్1 అంటే మోటారు ఆగిపోయినట్టే. రీడ్‌స్ట్రింగ్‌అంటిల్, పార్స్‌ఇంట్ కూడా ఈ కుటుంబమే. వాటిలోనూ ఎదురుచూపు ఉంటుంది.

సరైన పద్ధతి ఇది. 32 అక్షరాల క్యారెక్టర్ అర్రే ఒకటి పెట్టుకోవాలి. లూప్ తిరిగిన ప్రతిసారీ సీరియల్ డాట్ అవైలబుల్ చూసి, వచ్చిన అక్షరాలు ఉంటే తీసి అర్రేలో పెట్టాలి. లేకపోతే వెంటనే స్టెప్పర్ పనికి వెళ్ళిపోవాలి. న్యూలైన్ వచ్చిందా, లైను పూర్తయింది, అప్పుడు విడదీసి పని చేయాలి. క్యారేజ్ రిటర్న్, అంటే 13 నంబరు అక్షరం వస్తే పట్టించుకోకుండా వదిలేయాలి. కొన్ని టెర్మినల్ ప్రోగ్రాములు ఎంటర్ నొక్కితే 13, 10 రెండూ పంపుతాయి, కొన్ని ఒక్కటే పంపుతాయి.

స్ట్రింగ్ క్లాస్ కూడా వదిలేయండి. ఊనోలో ఉన్న ర్యామ్ 2 కిలోబైట్లు. రోజంతా నడిచే మిషన్‌లో స్ట్రింగులు పుడుతూ పోతూ ఉంటే ఆ కాస్త మెమరీ ముక్కలు ముక్కలవుతుంది. సాయంత్రానికి ఏదో ఒక విచిత్రం మొదలవుతుంది, కారణం పట్టుకోవడం మహా కష్టం.

లైను 31 అక్షరాలు దాటితే ఏం చేయాలన్నది చాలామంది ఆలోచించరు. మిగతాది కత్తిరించి ఉన్నదాన్ని అమలు చేయకండి. కత్తిరించిన కమాండ్ కూడా చూడటానికి మంచి కమాండ్‌లాగే ఉంటుంది. లైను మొత్తం పారేసి, తర్వాతి న్యూలైన్ దాకా ఏదీ నమ్మకుండా, ఎర్రర్ అని జవాబివ్వండి.

#7 పటాన్‌చెరు_మెయింటెనెన్స్

తమ్మీ, సాఫ్ట్‌వేర్ సంగతి వీళ్ళు మంచిగ చెప్తున్నరు. నేను కరెంటు సంగతి చెప్త.

ఎక్స్ అని టైపు చేస్తే ఆగుతది అనేదాన్ని ఎమర్జెన్సీ స్టాప్ అనుకోకు. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితది, కేబుల్ ఊడుతది, ప్రోగ్రామ్ ఎక్కడనో ఇరుక్కుంటది. అమ్మ పక్కన కూసొని పని చేసే మిషన్ అది. ఎర్ర మష్రూమ్ బటన్ ఒకటి పెట్టు, నొక్కితే లాకయ్యేది. హైదరాబాద్‌ల అయితే కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది, మీ దిక్కు విజయవాడల దొరుకుతది. దాని ఎన్‌సీ కాంటాక్ట్ (బటన్ నొక్కితే తెగేది) 12 వోల్టుల లైన్‌ల పెట్టు, సప్లైకి డ్రైవర్లకు నడుమ. డ్రైవరుకు మోటారుకు నడుమ మాత్రం పెట్టకు. స్టెప్పర్ నడుస్తుండంగ దాని వైరు ఊడితే ఏ4988 కాలిపోతది.

రెండు కాంటాక్టులున్న బటన్ తీసుకో. ఒకటి కరెంటు కట్ చేస్తది, రెండోది ఊనో పిన్నుకు పోవాలె. ఎందుకంటే ఊనోకు కరెంటు యూఎస్‌బీ నుంచి వస్తది, 12 వోల్టులు పోయిన సంగతి దానికి తెల్వది. అది స్టెప్పులు వేస్తనే ఉన్న అనుకుంటది, గైడు మాత్రం ఉన్న జాగల్నే ఉంటది. బటన్ ఎత్తంగనే పొజిషన్ అంత తారుమారు అయితది.

ఇగ పిచ్చి అక్షరాలు. మోటారు బ్రష్‌ల నుంచి వచ్చే నాయిస్ అది. మోటారు రెండు కాళ్ళ నడుమ 104 (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టు. ఒక్కో కాలి నుంచి మోటారు బాడీకి ఇంకొకటి సోల్డర్ చెయ్యి. మోటారు వైర్లు రెండూ మెలిపెట్టి తిప్పు, యూఎస్‌బీ కేబుల్‌కు దూరంగ తీస్కపో. ఏ4988 మోటారు సప్లై పిన్నుల పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నదా లేదా చూడు.

గ్రౌండ్ ఎట్ల కలిపినవో ఫొటో పెట్టు. అసలు దొంగ అక్కడ్నే ఉంటడని నా అనుమానం.

#8 గుంటమగ్గం

ఫొటో పెట్టాను సార్. సప్లై మైనస్ ముందు ఊనో జీఎన్‌డీ (గ్రౌండ్) పిన్నుకి వచ్చి, అక్కడి నుంచి ఎల్298ఎన్‌కి వెళ్తోంది.

#9 పటాన్‌చెరు_మెయింటెనెన్స్

చూసిన. మోటారు కరెంటంత ఊనో గ్రౌండ్ మీదికెళ్ళి పోతున్నది. మోటారు స్టార్ట్ అయినప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు లాగుతది. ఆ దెబ్బకు ఆ సన్న వైరు మీద వోల్టేజ్ పడి, ఊనో గ్రౌండు ల్యాప్‌టాప్ గ్రౌండు కంటే పైకి లేస్తది. అక్షరాలు చెడకుంట ఎట్లుంటయి? సప్లై మైనస్ నుంచి ఎల్298ఎన్‌కు ఒక లావు వైరు, ఏ4988కు ఒకటి, ఊనోకు సన్నది ఒకటి, మూడూ సప్లై దగ్గర్నుంచే విడివిడిగ తియ్యి.

#10 నల్లతెర

కేబుల్ ఊడినా తిరుగుతూనే ఉండటం గురించి. బోర్డుకి ల్యాప్‌టాప్ బతికుందో లేదో తెలియాలంటే ల్యాప్‌టాప్ మాట్లాడుతూ ఉండాలి. పైథాన్ నుంచి 200 మిల్లీసెకన్లకి ఒకసారి ఉత్త ప్రశ్నార్థకం లైను పంపండి, బోర్డు దానికి స్టేటస్ జవాబివ్వాలి. బోర్డులో చివరిగా మంచి లైను వచ్చిన సమయం మిల్లిస్ (బోర్డు గడియారం) ఫంక్షన్‌తో గుర్తుపెట్టుకుని, 1000 మిల్లీసెకన్లు దాటితే రెండు మోటార్లనీ నిదానంగా ఆపేయాలి. మళ్ళీ లైను కలిసినా తనంతట తాను స్టార్ట్ కాకూడదు. కొత్తగా ఎస్ కమాండ్ ఇస్తేనే తిరగాలి. ఈ చివరి మాట మర్చిపోకండి.

మీ క్లోన్ బోర్డు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటోంది కదా, మరి కేబుల్ ఊడితే బోర్డే ఆగిపోవాలి. అయినా కండె తిరిగిందంటే ఎల్298ఎన్ మాడ్యూల్ మీది 5 వోల్టుల పిన్ను ఊనోకి కలిపి ఉండాలి. ఉందా?

#11 గుంటమగ్గం

అవునండీ, కలిపే ఉంది.

#12 నల్లతెర

అయితే రెండు సప్లైలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. యూఎస్‌బీతో నడిపేటప్పుడు ఆ 5 వోల్టుల వైరు తీసేయండి, గ్రౌండ్ ఒక్కటి ఉంచండి. మాడ్యూల్ లాజిక్‌కి కావలసిన 5 వోల్టుల్ని 12 నుంచి అదే తయారు చేసుకుంటుంది, దాని జంపర్ ఉంచండి చాలు.

ఒక జాగ్రత్త. కేబుల్ ఊడి ఊనో ఆఫ్ అయితే దాని పిన్నులు గాల్లో వేలాడతాయి. ఎల్298ఎన్ ఎనేబుల్ పిన్ను నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే అది ఎప్పుడూ కింద ఉంటుంది, మోటారు కదలదు. రీసెట్ అయ్యేటప్పుడు కూడా ఇదే కాపాడుతుంది.

#13 బైట్‌వాది

చర్చ చదువుతున్నాను. అసలు టెక్స్ట్ ఎందుకు? ఒక బైటు మోటారు నంబరు, ఒక బైటు వేగం, పని అయిపోతుంది. విడదీయడాలు, న్యూలైన్లు, అర్రేలు ఏవీ అక్కర్లేదు. సేబర్‌టూత్ మోటారు డ్రైవర్ల సింప్లిఫైడ్ సీరియల్ మోడ్ చూడండి. 1 నుంచి 127 దాకా మొదటి మోటారు, 128 నుంచి 255 దాకా రెండోది, 0 వస్తే రెండూ ఆగుతాయి. ఒక్క బైటు, ఒక్క కమాండ్.

#14 త్రీడీముద్ర

ఆ పద్ధతి అందంగానే ఉంటుంది, రేడియో రిసీవర్ పక్కనే డ్రైవరు ఉండే రోబోకి బాగుంటుంది. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. అందులో 256 బైట్లలో ప్రతి ఒక్కటీ చెల్లుబాటయ్యే కమాండే. నాయిస్ వల్ల ఒక బిట్టు తిరగబడితే వచ్చేది తప్పు కమాండ్ కాదు, ఇంకో మంచి కమాండ్. గుంటమగ్గం గారి దగ్గర నాయిస్ ఉందని మొదటి పోస్టులోనే చెప్పారు. టెక్స్ట్‌లో అయితే చెడిన లైను చాలాసార్లు పిచ్చి అక్షరాలతో తనను తానే పట్టిస్తుంది.

వేగం కోసం అంటారా, 115200 పెడితే సెకనుకి 11,520 అక్షరాలు. ఎస్150, న్యూలైన్ కలిపి 5 అక్షరాలు, అర మిల్లీసెకను కూడా పట్టదు. మనిషి ఇచ్చే కమాండ్లకి ఇది ఎక్కువే. స్టెప్పులు ఎప్పుడు వేయాలో బోర్డు చూసుకుంటుంది, ల్యాప్‌టాప్ ఎంత వేగం కావాలో మాత్రమే చెబుతుంది. ఈ పని విభజన సరిగ్గా ఉంటే టెక్స్ట్ ఎప్పుడూ అడ్డం కాదు. సీఎన్‌సీ మిషన్లు, త్రీడీ ప్రింటర్లు ఇన్నేళ్ళుగా జీ-కోడ్ అనే టెక్స్ట్ మీదే కదా నడుస్తున్నాయి.

గ్రబుల్ అనే సీఎన్‌సీ ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) ఇదే ఊనో చిప్పు మీద మూడు స్టెప్పర్లు నడుపుతుంది. ప్రతి లైనుకీ ఓకే అనో, ఎర్రర్ నంబరో జవాబిస్తుంది. కానీ ఆశ్చర్యార్థకం పంపితే లైను పూర్తయ్యేదాకా ఆగదు. ఆ ఒక్క అక్షరాన్నీ సీరియల్ ఇంటరప్ట్‌లోనే (నడుస్తున్న పనిని ఆపి ముందు చూసే చోట) పట్టుకుని మిషన్‌ని నెమ్మదిగా ఆపుతుంది. టిల్డే (~) పంపితే మళ్ళీ కొనసాగిస్తుంది. ప్రశ్నార్థకం పంపితే ఎక్కడున్నానో చెబుతుంది. ఆపమన్న మాట మిగతా కమాండ్ల వెనక లైన్లో నిలబడకూడదన్నది వాళ్ళ ఆలోచన. మీ కోడ్‌లో అక్షరాలు తీసే చోటే, అర్రేలో పెట్టకముందే, ఆశ్చర్యార్థకమా అని చూసి ఆపేయండి. ఇంటరప్ట్ దాకా వెళ్ళక్కర్లేదు, లూప్ ఎక్కడా ఆగకపోతే అదే చాలినంత వెంటనే జరుగుతుంది.

#15 బైట్‌వాది

నాయిస్ విషయంలో మీ మాట నిజమే. కానీ ఎస్150లో 1 పోయి ఎస్50 అయితే టెక్స్ట్ కూడా పట్టించదు కదా. బైనరీ ప్యాకెట్‌కి హెడర్, సీఆర్‌సీ (తప్పు పట్టే లెక్క) పెడితే అదీ దొరుకుతుంది.

#16 త్రీడీముద్ర

దొరుకుతుంది. టెక్స్ట్‌లోనూ చెక్‌సమ్ పెట్టుకోవచ్చు. త్రీడీ ప్రింటర్లలో లైను చివర నక్షత్రం పెట్టి, ముందున్న అక్షరాలన్నిటినీ ఎక్స్‌ఓఆర్ (బిట్టు బిట్టు కలిపే లెక్క) చేసిన సంఖ్య రాస్తారు. తేడా వస్తే బోర్డు ఆ లైను మళ్ళీ పంపమంటుంది. జీపీఎస్‌ల ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాల చివర కూడా నక్షత్రం తర్వాత అదే రకం లెక్క ఉంటుంది. ఇందులో నాకు నచ్చేది, ప్రోగ్రామ్ పంపేటప్పుడు చెక్‌సమ్ పెట్టొచ్చు, మనిషి చేత్తో టైపు చేసేటప్పుడు వదిలేయొచ్చు. నక్షత్రం ఉంటే సరిచూడు, లేకపోతే ఊరుకో, అని బోర్డుకి చెప్పుకోవచ్చు. బైనరీలో రాత్రి పదింటికి టెర్మినల్ తెరిచి చేత్తో ఒక్క కమాండ్ ఇచ్చి చూద్దామంటే కుదరదు.

చెక్‌సమ్ లేకపోయినా కనీసం విలువని తిరిగి చెప్పించండి. ఉత్త ఓకే కాదు, ఓకే ఎస్ 150 అనాలి. పైథాన్ తను పంపింది, వచ్చింది పోల్చి చూసుకుంటుంది.

ఇంకొకటి, అక్షరాల్ని సంఖ్యగా మార్చడానికి ఏటీఓఐ ఫంక్షన్ వాడొద్దు. దానికి పిచ్చి అక్షరాలిస్తే 0 అంటుంది, నిజంగా 0 ఇచ్చినా 0 అంటుంది. ఎస్‌టీఆర్‌టీఓఎల్ అయితే సంఖ్య ఎక్కడ ముగిసిందో కూడా చెబుతుంది. సంఖ్య తర్వాత ఇంకేమైనా మిగిలుంటే లైను తిప్పికొట్టండి.

#17 పటాన్‌చెరు_మెయింటెనెన్స్

బైట్‌వాది చెప్పినదానికి కూడ జాగ ఉన్నది. ఫ్యాక్టరీల వీఎఫ్‌డీలు (పెద్ద మోటార్ల వేగం మార్చే డ్రైవులు) చాలావరకు ఆర్‌ఎస్-485 వైర్ల మీద మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే భాష మాట్లాడుతయి, అది బైనరీనే, సీఆర్‌సీ ఉంటది. మోడ్‌బస్‌ల ఏఎస్‌సీఐఐ అని టెక్స్ట్ రకం కూడ ఉన్నది, కోలన్‌తోని మొదలైతది. మా దగ్గర ఎక్కువ చూసింది ఆర్‌టీయూనే. ఒక్క జత వైరు మీద చాలా డ్రైవులుంటయి, దూరం ఎక్కువుంటది, పక్కన పెద్ద మోటార్లుంటయి. ఆడ అది కరెక్ట్. ఇంట్ల ఒక్క మిషన్‌కు టెక్స్టే నయం.

ఆ డ్రైవులల్ల కూడ చాలావాటికి కమ్యూనికేషన్ పోతే ఇన్ని సెకన్లకు ఆగాలె అనే సెట్టింగ్ ఉంటది. నల్లతెర గారు చెప్పింది అదే.

#18 గుంటమగ్గం

అందరికీ చాలా థాంక్స్. గ్రౌండ్ వైర్లు పటాన్‌చెరు సార్ చెప్పినట్టు విడివిడిగా తీశాను, 104లు పెట్టాను, పిచ్చి అక్షరాలు పోయాయి. 5 వోల్టుల వైరు తీసేసి 10 కిలోఓమ్ పెట్టాను. అక్షరం అక్షరం చదివే కోడ్ రాశాక, నడుస్తుండగా ఎన్ని కమాండ్లిచ్చినా గైడు తడబడట్లేదు. గడ్డ లేని కండె నాన్న నేసి చూశారు, దారం ఎక్కడా పట్టలేదు.

ఇప్పుడు కొత్త సందేహం. పైథాన్ ప్రోగ్రామ్ స్టార్ట్ చేయగానే పంపే మొదటి కమాండ్ పోతోంది. రెండోసారి పంపితే పనిచేస్తుంది. గైడు పొజిషన్ కూడా సున్నా అయిపోతోంది.

#19 నల్లతెర

పోర్టు తెరవగానే ఊనో రీసెట్ అవుతుంది, అందుకే. ల్యాప్‌టాప్ పోర్టు తెరిచినప్పుడు డీటీఆర్ లైను కిందికి వెళ్తుంది. ఆ లైను నుంచి రీసెట్ పిన్నుకి బోర్డు మీదే ఒక కెపాసిటర్ ఉంటుంది. స్కెచ్ (ఊనో ప్రోగ్రామ్) అప్‌లోడ్ చేసేటప్పుడు బటన్ నొక్కే పని లేకుండా పెట్టిన ఏర్పాటు అది. రీసెట్ తర్వాత కాసేపు బూట్‌లోడర్ (కొత్త స్కెచ్ వస్తుందేమో చూసే చిన్న ప్రోగ్రామ్) నడుస్తుంది, ఆ టైములో వచ్చిన మీ కమాండ్ దాని నోట్లో పడి పోతుంది.

చాలామంది పైథాన్‌లో రెండు సెకన్లు స్లీప్ పెడతారు. అంతకంటే మంచిది, సెటప్ ఫంక్షన్ చివర బోర్డు చేత సిద్ధం అనే లైను పంపించండి. పైథాన్ ఆ లైను వచ్చేదాకా ఏమీ పంపకూడదు. ఇందులో ఇంకో లాభం ఉంది. పని మధ్యలో ఎప్పుడైనా సిద్ధం అని వచ్చిందంటే, బోర్డు కరెంటు తగ్గో ఇంకెందుకో రీసెట్ అయిందని మీకు తెలుస్తుంది. అప్పుడు ప్రోగ్రామ్ పాత పొజిషన్‌ని నమ్మకూడదు.

రీసెట్ అసలే వద్దనుకుంటే రీసెట్ పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టొచ్చు, అప్‌లోడ్ చేసేటప్పుడు తీయాలి. మీకు నేను దాన్ని చెప్పను. గైడు ఒక చివర లిమిట్ స్విచ్ పెట్టి, ఆన్ అయిన ప్రతిసారీ అక్కడికెళ్ళి సున్నా పట్టుకోమనండి. పొజిషన్ గుర్తుంచుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నమ్మకం.

ఉబుంటులో పోర్టు పేరు కూడా చూసుకోండి. కేబుల్ ఊడి మళ్ళీ పెడితే టీటీవై యూఎస్‌బీ 0 ఒక్కోసారి 1 అవుతుంది, పాత పోర్టుని ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉండటం వల్ల. డెవ్ కింద సీరియల్, అందులో బై-ఐడీ ఫోల్డర్‌లో ఉండే పేరు వాడితే మారదు. సీహెచ్340 బోర్డులకి మామూలుగా సీరియల్ నంబర్ ఉండదు కాబట్టి, రేపు రెండో మిషన్ కూడా పెడితే బై-ఐడీ తికమక పెడుతుంది. అప్పుడు బై-పాత్ వాడండి.

#20 త్రీడీముద్ర

గైడు వేగం, కండె వేగం రెండూ వేరువేరు కమాండ్లుగా ఎందుకు ఉంచారు? దారం నిండుతున్న కొద్దీ కండె బరువు పెరిగి డీసీ మోటారు వేగం కాస్త మారుతుంది. పైగా ఎల్298ఎన్ తనలోనే రెండు వోల్టులో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో తినేస్తుంది, ఎస్150 అన్నా ప్రతిసారీ ఒకే వేగం రాదు. కండె షాఫ్ట్‌కి చిన్న అయస్కాంతం అతికించి, ఎదురుగా హాల్ సెన్సార్ (అయస్కాంతాన్ని పసిగట్టేది) పెట్టి 2వ పిన్ను ఇంటరప్ట్‌కి ఇవ్వండి. చుట్టుకి ఎంత సమయం పట్టిందో తెలిస్తే గైడు వేగం బోర్డే లెక్క కట్టుకుంటుంది. మీరు చుట్టుకి ఎన్ని మిల్లీమీటర్లు కావాలో పి అనే కమాండ్‌తో చెబితే చాలు. పి విలువని నూరో వంతుల్లో పంపండి, పి 50 అంటే అర మిల్లీమీటరు. దశాంశ బిందువుల గొడవ ఉండదు.

#21 గుంటమగ్గం

హాల్ సెన్సార్ పెట్టాను. ఇప్పుడు టెర్మినల్‌లో ఇలా ఉంది (పంపింది, దాని కింద వచ్చింది):

సిద్ధం
హెచ్
ఓకే హెచ్
పి 50
ఓకే పి 50
ఎస్ 150
ఓకే ఎస్ 150
ఎస్ 1500
ఎర్రర్ హద్దు దాటింది
ఎస్ 15ఆ
ఎర్రర్ అర్థం కాలేదు
?
చుట్లు 212 గైడు 3140 నడుస్తోంది
!
ఆగింది

హెచ్ అంటే లిమిట్ స్విచ్ దగ్గరికెళ్ళి సున్నా పట్టుకోవడం. హెచ్ ఇవ్వకుండా ఎస్ ఇస్తే ఒప్పుకోదు. కేబుల్ పీకి చూశాను, కండె ఆగింది. పైథాన్‌ని చంపి చూశాను, సెకను తర్వాత నిదానంగా ఆగింది. ఎర్ర బటన్ నొక్కితే వెంటనే ఆగింది, స్క్రీన్ మీద కూడా బటన్ అని వచ్చింది.

ఇక అమ్మ సంగతి. అమ్మ కీబోర్డు ముట్టుకోదు. కొస కట్టేటప్పుడు, తెగిన దారం ముడేసేటప్పుడు ఆమె రెండు చేతులూ దారం మీదే ఉంటాయి. కుట్టు మిషన్ మోటారుకి ఉండేలాంటి కాలి పెడల్ కావాలంటోంది. తొక్కితే తిరగాలి, తీస్తే ఆగాలి. సీరియల్ కమాండ్లతో పాటు పెడల్ కూడా ఉంటే రెండూ కొట్టుకుంటాయా?

#22 పటాన్‌చెరు_మెయింటెనెన్స్

అమ్మ చెప్పిందే కరెక్ట్. చేతులతోని పని చేసేటోళ్ళకు కాలు కిందనే స్విచ్ ఉండాలె. కుట్టు మిషన్ పెడల్‌ల రెసిస్టెన్స్ రకం ఉంటది, అది వద్దు. ఉత్త ఆన్-ఆఫ్ ఫుట్ స్విచ్ తీసుకో, లోపల మైక్రో స్విచ్ ఉండేది. కింద రబ్బరు లేకపోతే నేల మీద జారుతది, చూసి తీసుకో.

#23 నల్లతెర

కొట్టుకోవు, ఎవరి మాట ఎప్పుడు నెగ్గాలో ముందే రాసుకుంటే చాలు. పెడల్‌ని ఇన్‌పుట్-పుల్‌అప్ (ఏమీ కలపకపోతే 5 వోల్టుల దగ్గరే ఉండే) పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య కలపండి, వైరు తెగినా తీసినట్టే కనబడుతుంది. 20 మిల్లీసెకన్లు నిలకడగా ఉంటేనే తొక్కినట్టు లెక్కపెట్టండి, తీసినప్పుడు మాత్రం ఏమీ ఆగకుండా వెంటనే నమ్మండి. ఎస్ కమాండ్ వేగం ఎంతో చెబుతుంది అంతే. పెడల్ తొక్కి ఉంటేనే ఆ వేగం మోటారుకి చేరాలి. పెడల్ తీసి ఉండగా ఎస్ వస్తే ఓకే అని గుర్తుపెట్టుకోండి, తిప్పకండి. ఎర్ర బటన్ నొక్కి ఉంటే పెడల్ మాట కూడా చెల్లదు. బటన్ ఎత్తే టైమ్‌కి పెడల్ తొక్కి ఉన్నా కదలకూడదు, ఒకసారి తీసి మళ్ళీ తొక్కితేనే కదలాలి.

స్టేటస్ లైనులో పెడల్ స్థితి కూడా చేర్చండి. ఏదైనా ఆగిపోయినప్పుడు పెడల్ వల్లా, లింకు వల్లా, బటన్ వల్లా అన్నది ఫోన్ చేసి అమ్మని అడక్కుండానే మీకు లాగ్‌లో కనబడుతుంది.

#24 ఫైనల్‌ఇయర్_ఈసీఈ

అన్నా, కోడ్ మొత్తం ఒక చోట పెట్టగలరా? మా ప్రాజెక్టులో పార్స్‌ఇంట్ తీసేసి ఇదే పద్ధతిలో మళ్ళీ రాస్తాను.

#25 గుంటమగ్గం

పెడల్ భాగం కూడా చేర్చి ఆదివారం పెడతాను తమ్ముడూ. వైరింగ్ బొమ్మ, ఏ పిన్ను దేనికో కూడా పెడతాను. అందులో గ్రౌండ్ వైర్లు ఎలా తీశానో ముందు చూడు, కోడ్ తర్వాత.